వంటయింటి నిలువ

దేశపు పొదుపును గూర్చి సభలలో జరుగు ప్రసంగములకు లోటు లేదు. ప్రభుత్వపు ఆయవ్యయ పట్టిక వెలువడినప్పుడెల్ల పత్రికలు పుటలకు పుటలు నింపుచునే యున్నవి. కాని ప్రతి కుటుంబమును ప్రతిదినమును ధనము వెచ్చించు చోటు వంటయిల్లు. ఆ చోటి పొదుపును గూర్చి పెద్దలు మాటలాడుట అరుదు. అది ఆడువారి పని యనియు, స్వల్ప విషయమనియు తలచి దాటిపోవుట మనకు అలవాటైనది. ఈ అలవాటు వలన నష్టపోవుచున్నవారము మనమే. కావున నేడు ఈ విషయమును చదువరుల యెదుట ఉంచుచున్నాము.

2023వ సంవత్సరపు టమాటా కథ ఎవరును మరచియుండరు. ఆ యేడు జూలై మాసమున మదనపల్లె మార్కెట్టులో ధర మునుపెన్నడును లేనంతగా పెరిగి, చిల్లర అంగళ్లలో కొన్నిచోట్ల కిలో 200 రూపాయల వరకు పలికినది. పట్టణములలోని సంసారులు టమాటా పేరెత్తుట మానుకొనిరి. సెప్టెంబరు వచ్చునప్పటికి అదే పంట రాయలసీమ మార్కెట్లలో కిలో పది రూపాయలకు లోపుగా పడిపోయినది. కోత కూలియు, బండి బాడుగయు రాక రైతులు పంటను పారబోసిరి. రెండు నెలల యెడములో కొనువాడును ఏడ్చెను, అమ్మువాడును ఏడ్చెను. చౌక దినములలో కొని దాచుకొను నేర్పు ఇంటింటను ఉండినయెడల, వినియోగదారునకు ప్రియము నాటి బాధ కొంత తగ్గును. పంట పోటెత్తిన నాడు రైతు సరకునకు కొంత గిరాకి యుండును. వంటయింటి నిలువ ఒక్క ఇంటి సంగతి మాత్రమే కాదని ఇందువలన తెలియగలదు.

నిలువ చేయుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. గాదెలు, పాతరలు, కుండలలో పోసిన కందులు, బూడిద కలిపి దాచిన పెసలు, ఉట్టి మీది జాడీలు, వీనిని ఎరుగని పల్లె యుండెడిది కాదు. ఎండకాలము వచ్చినదనిన ఇంటిల్లిపాదికిని పని తగిలెడిది. ఆవకాయ, మాగాయ పెట్టుట, గుమ్మడి వడియములు, సగ్గుబియ్యపు వడియములు పోయుట, అప్పడములు ఒత్తుట, మామిడి ఒరుగులు ఎండబెట్టుట, చింతపండు గింజ తీసి ఉప్పు చల్లి ముద్దలు కట్టుట, ఇవి యన్నియు నెల దినముల కార్యక్రమము. ఇరుగుపొరుగు స్త్రీలు ఒకరి ఇంటి పనికి ఒకరు వచ్చెడివారు. ఆ పని వెనుక ఒక సూత్రము కలదు: సరకు విరివిగా దొరకు కాలమున కొని, దొరకని కాలమున తినుట. ఉప్పు, ఎండ, నూనె, పులుపు అను నాలుగును వారి సాధనములు.

ఈ నాలుగింటికిని ఒక హద్దు కలదు. ఇవి ఉప్పదనమునో ఎండుదనమునో కల్పింపక ఏ వస్తువును నిలువ చేయలేవు. వండిన పప్పును, ఉడికిన శనగలను, పచ్చి కొబ్బరి తురుమును, లేత చిక్కుళ్లను ఉన్నవి యున్నట్లుగా నెల దినములు కాపాడుట వానికి శక్యము కాదు. ఆ పని చేయగలిగినది శైత్యము. గడ్డకట్టించు చలిలో ఆహారమును చెరచు సూక్ష్మజీవుల పెరుగుదల నిలిచిపోవును. అమెరికా దేశస్థుడగు క్లారెన్సు బర్డ్సై యనునతడు గత శతాబ్దపు రెండవ దశకమున లాబ్రడారు మంచు ప్రాంతమున ఉండగా, అచ్చటి వారు పట్టిన చేప గాలికిని మంచునకును క్షణములలో బిగిసిపోయి, నెలల తరువాత వండినను తాజారుచి చెడకుండుట గమనించెను. మెల్లగా గడ్డకట్టిన వస్తువులో పెద్ద మంచు పలుకులు ఏర్పడి కండను చీల్చును; త్వరగా గడ్డకట్టిన దానిలో పలుకులు చిన్నవగుటచే కండ చెడదు. ఈ రహస్యమును యంత్రమునకు ఎక్కించి అతడు స్థాపించిన పరిశ్రమ యొక్క సరకు 1930లో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు అంగళ్లలో మొదట అమ్మకమునకు వచ్చినది. మన దేశమున 1958లో గోద్రెజు సంస్థ ఫ్రిజ్జులను తయారు చేయ మొదలిడినది. ఒకప్పుడు సంపన్నుల ఇంటి అలంకారముగా నుండిన ఆ పెట్టె నేడు మధ్యతరగతి ఇండ్లలో సామాన్య వస్తువైనది.

అయితే ఆ పెట్టెను మనము వాడుకొనుచున్న తీరు ఎట్టిది? క్రింది అరలలో నాలుగు దినముల నాటి గిన్నెలు ఒకదాని వెనుక ఒకటి దాగియుండును. మీది ఫ్రీజరు అరలో మంచుముక్కల పళ్లెమును, పిల్లల ఐసుక్రీమును తప్ప వేరొకటి కనబడదు. ఏడాది పొడుగునను కరెంటు బిల్లు చెల్లించుచు, అందు మిక్కిలి విలువగల అరను ఖాళీగా ఉంచుట ఏమి పొదుపు? చదువుకై అమెరికా వెళ్లిన మన పిల్లలు ఆదివారము నాడు పప్పును, కూరను వండి డబ్బాలకెత్తి ఫ్రీజరులో పెట్టుకొని వారమంతయు గడుపుకొనుచున్నారు. అవసరము వారికి నేర్పిన విద్యను ఇంటి యొద్ద నున్న మనము నేర్వరాదా?

ఇచ్చట పెద్దలు ఒక ఆక్షేపణ తెత్తురు. నిలువయున్న అన్నము తినరాదనియు, భగవద్గీత 17వ అధ్యాయమున పర్యుషితాహారము తామసములలో చేర్చబడినదనియు వారి వాదము. ఆ మాటను మేము తేలికగా త్రోసివేయము. చలిపెట్టె లేని కాలమున, మన ఎండలలో, రాత్రి వండినది మరునాటి మధ్యాహ్నమునకు విషప్రాయమగును. దానిని వర్జింపుమనుట మంచి వైద్యము. కాని ఆ అధ్యాయమును చదివిన ఇండ్లలోనే ఏడాది నాటి ఆవకాయ జాడీయు ఉండెడిది; ఉదయమున చద్దన్నమును, గోదావరి సీమలో తరవాణియు ఉండెడివి. పోతన భాగవతమున బాలకృష్ణుడు గోపబాలురతో కూడి చల్దులారగించిన ఘట్టమును భక్తితో చదువుకొను జాతి మనది. చెడిన ఆహారము నిషిద్ధమే కాని, నిలువచేసిన ఆహారమెల్లను నిషిద్ధము కాదని మన ఆచారమే చెప్పుచున్నది. చెడకుండ నిలుపు మార్గము తెలిసినదా లేదా యనునదే ప్రశ్న. మార్గము తెలియక పెట్టినయెడల ఫ్రిజ్జులోని కూరయు పర్యుషితమే.

ఇక పొదుపు ఎచ్చటినుండి వచ్చును? పెట్టెలో పెట్టినంత మాత్రమున రూపాయి మిగులదు. మిగులుటకు నాలుగు దారులు కలవు. మొదటిది ఋతువు. పచ్చి బఠాణీలు చలికాలమున చౌక. పచ్చి మామిడి ఎండకాలమున చౌక. చిక్కుళ్లు, అనపగింజలు సంక్రాంతి దినములలో విరివి. అప్పుడు కొని దాచిన వస్తువు, ఆరు నెలలకు ప్రియమైనప్పుడు తన విలువను తానే చెప్పును. రెండవది ఇంధనము. నలుగురు గల సంసారమునకు పూటకు పావుకిలో కందిపప్పు చొప్పున కిలో పప్పు నాలుగు పూటలకు వచ్చును. దానిని పెద్ద కుక్కరులో ఒకటి రెండు విడతలుగా ఉడికించి, ఉప్పు, పులుపు కలుపక పూటకొక డబ్బాగా ఉంచుకొన్నచో, ఒకనాడు టమాటా పప్పు, ఒకనాడు సాంబారు, ఒకనాడు పాలకూర పప్పు అగును. నాలుగు పర్యాయములు పొయ్యి వెలిగించుటకును ఇందులకును గల గ్యాసు తేడాను గృహిణి లెక్క కట్టగలదు. మూడవది వ్యర్థము. ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున సుమారు 105 కోట్ల టన్నుల ఆహారము వృథా కాగా, అందు 63 కోట్ల టన్నులు ఇండ్లలోనే వృథా అయినది. హోటళ్లను, పెండ్లి భోజనములను నిందించు మనము ఈ అంకెను చూచి తల వంచుకొనవలసియున్నది. నాలుగవది బజారు తిండి. ఉభయులును ఉద్యోగములు చేయు ఇంట, రాత్రి ఎనిమిది గంటలకు అలసి వచ్చినవారు వంట చేయలేక హోటలునుండి తెప్పించుకొనుటచే పోవు ధనము, పైన చెప్పిన మూడింటికంటెను పెద్దది. ఆ గంటలో ఫ్రీజరులో ఒక డబ్బా సాంబారు సిద్ధముగా నున్నచో, కుక్కరులో గుప్పెడు బియ్యము పడవేసిన చాలును. హోటలు మాట రాదు.

ఇట్లనుటచే, ఒక పెద్ద ఫ్రీజరు పెట్టెను అప్పుచేసి కొనుమని మేము చెప్పుచున్నామని ఎవరును తలపకుందురు గాక. ఆ పెట్టె వెలయు, దాని విద్యుత్తు ఖర్చును కలిసి పొదుపును మ్రింగివేయును. పది మంది గల ఉమ్మడి కుటుంబమునకో, పెరటి పంట విస్తారముగా గల భూస్వామికో అది తగవచ్చును. నలుగురున్న ఇంటికి ఉన్న ఫ్రిజ్జు మీది అరయే చాలును. అది ఎట్లును దివారాత్రములు నడుచుచునే యున్నది; నిండుగా నున్నచో దాని చలి నిలకడగా నుండును.

ఏవి దాచవలెను, ఏవి దాచరాదు అను వివేకము ముఖ్యము. ఉడికిన పప్పు, సాంబారు, ఉడికించిన శనగలు, అలసందలు, టమాటా గుజ్జు, నూనెలో మగ్గించిన గోంగూర, పులిహోర పులుసు, కొబ్బరి తురుము, అల్లము వెల్లుల్లి ముద్ద, ఆవిరిపై ఉడికిన ఇడ్లీలు, సగము కాల్చిన చపాతీలు, మాంసపు కూరలు చక్కగా నిలుచును. బఠాణీలను, చిక్కుళ్లను మరుగు నీటిలో రెండు నిమిషములు ముంచి, వెంటనే చల్లని నీటిలో వేసి, తడి ఆర్చి దాచవలెను. లేనిచో రంగును రుచియు తరుగును. ఉడికిన బంగాళాదుంప పిండి పిండిగా నగును. ఉడికిన కోడిగ్రుడ్డు తెల్లసొన రబ్బరు వలె సాగును. పెరుగు విరిగి నీరు వేరగును. దోస, కీర వంటి నీటి కాయలు మెత్తబడిపోవును. కూరలో బంగాళాదుంప కావలసియున్నచో వేడిచేయు నాడు వేసికొనుటయే మేలు.

విధానమునందు అశ్రద్ధ పనికిరాదు. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ సూక్ష్మజీవులు శీఘ్రముగా వృద్ధి యగును. వండిన పదార్థమును పొయ్యి మీదనే రాత్రివరకు వదలి తరువాత ఫ్రిజ్జులో పెట్టుట మన ఇండ్లలో సామాన్యము, ప్రమాదకరమును అదియే. వెడల్పు పళ్లెములలో పలుచగా పోసి, లేదా గిన్నెను చల్లని నీటి తొట్టిలో నుంచి త్వరగా చల్లార్చి, రెండు గంటలలోపల పెట్టెలోనికి చేర్చవలెను. మన వేసవిలో గంటకు మించి బయట ఉంచరాదు. అన్నము విషయమున మరింత జాగ్రత్త కావలెను. బియ్యమునందలి ఒక జాతి సూక్ష్మజీవుల బీజములు వంట వేడికి చావవు. అన్నము గంటల కొలది వెచ్చగా నిలిచినచో అవి మొలచి విషము పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. గడ్డకట్టించుట సూక్ష్మజీవులను నిద్రపుచ్చునే కాని చంపదని కూడ గుర్తుంచుకొనవలెను. ఫ్రీజరు చలి సున్నకు దిగువ 18 డిగ్రీలు ఉండవలెను. ఒక్కొక్క డబ్బాలో ఒక పూటకు సరిపోవునంతయే ఉంచవలెను. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బును. కావున డబ్బాను అంచువరకు నింపరాదు, గాజు సీసాలు పగులును. పలుచగా పరచిన సంచులు త్వరగా గట్టిపడును, త్వరగా కరుగును. పదార్థము పేరును, తేదీని వ్రాసి అంటింపవలెను; పాతది ముందు, క్రొత్తది వెనుక. వండిన వానిని రెండు మూడు నెలలలో ముగించుట రుచికి మంచిది. తీసినదానిని ముందునాటి రాత్రి క్రింది అరలో నుంచి కరిగించి, తినుటకు ముందు తెర్లునంతవరకు కాచవలెను. బయట కరిగినదానిని మరల గడ్డకట్టింపరాదు.

ఇంతవరకు చెప్పినది గృహిణికి తెలియని సంగతి కాదు. ఒకసారి వినిన ఆమె మాకంటె చక్కగా చేయగలదు. మేము ప్రత్యేకముగా చెప్పదలచినది ఇంటి పురుషులకు. కేంద్ర ప్రభుత్వము 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనులు చేయువారిని మాత్రమే లెక్కింపగా, స్త్రీ దినమునకు 289 నిమిషములు, పురుషుడు 88 నిమిషములు ఆ పనికి వెచ్చించుచున్నారు. ఆ 88 నిమిషములైనను చేయు పురుషులు నూటికి ముప్పదిమంది లేరు. ఇట్టి స్థితిలో నిలువ వంటయను పేరుతో ఆదివారపు విశ్రాంతిని కూడ స్త్రీనుండి లాగికొన్నచో, అది పొదుపు కాదు, దోపిడి. రూపాయలను మిగిల్చి ప్రాణమును ఖర్చుపెట్టుట ఏ లెక్క? పాత దినముల వడియములు పోయు పని ఒక్కరి నెత్తిన పడెడిది కాదు. అది పదిమంది చేతులమీద నడిచెడిది. ఆ కూడిక పోయి, ఒంటరి సంసారములు ఏర్పడిన ఈ కాలమున ఆ పదిమంది స్థానమును భర్తయు, ఎదిగిన కుమారులును, కుమార్తెలును నింపవలసియున్నది. మార్కెట్టునుండి సరకు తెచ్చుట, కాయలు కోయుట, చల్లార్చుట, డబ్బాలకెత్తుట, తేదీ వ్రాయుట, గిన్నెలు తోముట, వీనిలో మీసములకు భంగము కలిగించునది ఏదియు లేదు. పొలమున నూరుమంది పనిని చక్కబెట్టు ఆసామికి, కచ్చేరిలో ఫైళ్లను సర్దు ఉద్యోగికి, ఒక అరను సర్దుట అసాధ్యమా? వారమునకు రెండు గంటలు ఇంటిల్లిపాదియు పనిచేసినచో, మిగిలిన ఆరు దినముల సాయంకాలములలో గృహిణికి విరామము చిక్కును. ఈ వంట వలన మిగులు వానిలో మిక్కిలి విలువైనది ఆ విరామమే.

మరొక హెచ్చరిక కూడ అవసరము. గృహస్థుడు చేయనిదానిని వ్యాపారి చేసిపెట్టును. గడ్డకట్టించిన పరోటాలు, సమోసాలు, వేపిన బంగాళాదుంప ముక్కలు నేడు ప్రతి పట్టణపు అంగడిలోను దొరకుచున్నవి. పరిశ్రమకు మేము శత్రువులము కాము. మైసూరునందు 1950లో స్థాపితమైన కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధనాలయము, సైనికుల కొఱకు 1961లో అచ్చటనే ఏర్పడిన రక్షణ ఆహార పరిశోధనాలయము దేశమునకు చేసిన సేవ గొప్పది. కాని ఇంట పది నిమిషములలో కాల్చుకొనదగిన రొట్టెకు కట్ట వెలయు, ప్రకటనల వెలయు, దూరపు రవాణా వెలయు చెల్లించుట సంసారి లక్షణము కాదు. నూలు వడకుట మొదలు ఉప్పు వండుట వరకు మనకు స్వయంపోషణమును నేర్పిన జాతీయోద్యమము వంటయింటి గడప యొద్ద ఆగిపోవలసిన పని లేదు. తన పొలపు కందులు, తన పెరటి గోంగూర, తన ఊరి సంత కాయలు తన డబ్బాలో నుండుట స్వదేశీ ధర్మమునకు నేటి రూపము.

ప్రభుత్వములకును ఇందు కర్తవ్యము కలదు. గుంటూరులో మిరపకాయలకు శీతల గిడ్డంగులు వరుసలు దీరి యున్నవి. టమాటా రైతునకును, కూరగాయల రైతునకును అట్టి ఆసరా ఊరికి చేరువలో ఉన్నదని చెప్పజాలము. సహకార సంఘములు పూనుకొని చిన్న గిడ్డంగులను నిర్మింపవలెను. నిలువ విద్యను బాలురకును బాలికలకును సమానముగా పాఠశాలలో నేర్పవలెను. అన్నింటికంటె ముందు విద్యుత్తు నిలకడగా నుండవలెను. మూత తెరువనియెడల నిండు ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగము నిండినది 24 గంటలు చలిని నిలుపుకొనును. 2014 అక్టోబరునందు హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఆ నగరము దినముల తరబడి చీకటిలో మునిగినది. అట్టి వేళ పనికివచ్చినవి అటుకులు, వడియములు, ఊరగాయలే గాని గడ్డకట్టిన డబ్బాలు కావు. కనుక క్రొత్తదానిని చేపట్టుచు పాతదానిని విడువరాదు. జాడీయు ఉండవలెను, డబ్బాయు ఉండవలెను.

ఈ పని ఆరంభించుటకు శాసనము అక్కరలేదు, చందా అక్కరలేదు. రాబోవు ఆదివారము ఫ్రీజరు అరను ఖాళీచేసి తుడిచి, కిలో పప్పును, ఆ వారము సంతలో మిక్కిలి చౌకగా దొరకిన ఒక్క కూరగాయను తెచ్చి, ఇంటివారందరును కలిసి పూనుకొన్న చాలును. నెల దినములు ఖర్చును వ్రాసి చూడుడు. అంకెలే తరువాతి సంగతి చెప్పును. చిన్న పనియని దీనిని చులకన చేయకుందురని మా చదువరులను కోరుచున్నాము. తన గాదెను తాను నింపుకొనలేని ఇల్లు అప్పులవాని గడప త్రొక్కుట మన పల్లెలు ఎరిగిన చరిత్రయే. నేటి గాదె చలిపెట్టె రూపమున మన ఇంటికే వచ్చి కూర్చున్నది. దానిని నింపుకొను తెలివి మాత్రము మనమే తెచ్చుకొనవలెను.